ఆ ఊళ్ళో నీళ్ళు ఆడతాయి

ట్యాంకరు రాత్రి రెండుకొస్తుందన్నాడు శివలింగు.
సంపు మూత తీసి గట్టు మీద కూర్చున్నాను.
లగ్గెరె మొత్తం నిద్రపోతోంది.
రెండు కుక్కలూ నేనూ
తీగ మీద పక్కింటావిడ నైటీ మేలుకునున్నాం.
ఊరికే ఉండలేక షూ విదిలిస్తే
ఇసక రాలింది, చిటికెడు కూడా ఉండదు.
ఊడ్చెయ్యబుద్ధి కాలేదు.

నేను పంపులు పరీక్షించే మనిషిని.
పీణ్యా రెండో స్టేజీలో పంతొమ్మిదేళ్ళు.
మోటారు గొంతు విని చెప్పేస్తాను
బేరింగు అరిగిందో, సీలు కారుతోందో,
లేక ఊరికే అలిగిందో.
"లోహితమ్మా, పాస్‌పోర్టుందా?" అన్నాడు మేనేజరు
టిఫినయిందా అన్నట్టు.

పదకొండు రోజులు. దోహా.
ఓ హోటలు ముందు ఫౌంటెను, అందులో మా పంపులు నలభై రెండు,
ఆరు మొరాయించాయి.

ఇరవై ఏడో అంతస్తులో నాకొక్కదానికే గది.
స్నానాల తొట్టి చూడగానే లెక్కేశాను:
రెండొందల యాభై లీటర్లు.
అంటే మా ఇంట్లో రెండు రోజుల మర్యాద.
మొదటి రాత్రి బకెట్టు లేక
మగ్గు కోసం వెతికి, కాఫీ కప్పుతో పోసుకున్నాను.
రెండో రాత్రి లెక్క మానేశాను.
చెవులదాకా మునిగాక
లోకం ఓ మంచి మోటారులా
సన్నగా, సమంగా
ఎవరూ నన్ను పిలవకుండా తిరిగింది.

పొద్దున్నే తొమ్మిది రకాల ఖర్జూరాలు.
రోజుకో రకం తిన్నాను.
మిగిలిన రెండు రోజులూ
నల్లగా, ముడతలు పడ్డ ఆ ఐదో రకమే.

ఎండ సంగతి అడక్కండి.
బస్టాపుకి కూడా ఏసీ ఉన్న ఊరు అది.
సాయంత్రమైతే సముద్రం పక్కన
అద్దాల మేడలన్నీ ఒకేసారి దీపాలు పెట్టుకుంటాయి,
పెళ్ళివారొచ్చేశారు, త్వరగా అన్నట్టు.
ఎవరి పెళ్ళో మనకెందుకు?
చేతులూపుకుంటూ ఆ వెలుగులోంచి నడిచాను.
సంచీ లేదు చేతిలో. కూరగాయలు కొననక్కర్లేదు.
అలా నడిచి ఎన్నేళ్ళయింది!

పగలంతా మాత్రం ఫౌంటెను కింద,
పైపుల గదిలో, డంబర్‌తో.
నేపాలు పిల్లోడు. ఆరేళ్ళుగా అక్కడే.
సాయంత్రం షో టైముకి వాడి డ్యూటీ కిందే,
పైనుంచి ఒక్కసారీ చూడలేదట.
అయినా వాడికి అంతా తెలుసు.
వాల్వు మీద చెయ్యేసి, కళ్ళు మూసుకుని,
"ఇప్పుడు ఎడమవైపు వంగుతాయి దీదీ.
ఇప్పుడు గిర్రున తిరుగుతాయి.
ఇప్పుడు... ఆగండి... జనం ఓ అంటారు."
మా నెత్తిమీద, కాంక్రీటు అవతల,
మూడొందల గొంతులు
ఓ...
ఇద్దరం ఒకరినొకరు చూసి నవ్వాం.
చెవితో బతికేవాళ్ళకి చుట్టరికం వేరే చెప్పుకోనక్కర్లేదు.

ఆఖరి సాయంత్రం పంపులన్నీ పాడుతున్నాయి.
నేను పైన, జనం మధ్య, ఇస్త్రీ చీరలో.
నీళ్ళు వంగాయి, తిరిగాయి,
నా చేతి గ్రీజు ఇంకా వదలని నీళ్ళు
మేడంత ఎత్తు లేచాయి.
అందరికన్నా గట్టిగా అరిచాను
ఓ... అని.
కింద వాడికి వినపడాలని.
పక్కన ఓ పెద్దమనిషి పిల్లని దగ్గరికి లాక్కున్నాడు.

ఇంటికొచ్చాక మునిరత్నం అడిగాడు,
"మేం గుర్తొచ్చామా?"
వచ్చారన్నాను. అబద్ధం కాదు.
తొట్టిలో ఉన్నప్పుడు మాత్రం రాలేదు.
అది చెప్పలేదు.

రెండూ నలభైకి ట్యాంకరొచ్చింది.
మోటారు వేశాడు శివలింగు.
"నీ బేరింగు వారం కూడా ఆగదప్పా" అన్నాను.
"ముందు డబ్బులియ్యక్కా" అన్నాడు.
సంపులోకి నీళ్ళు దుముకుతున్నాయి.
పైపు జాయింటు దగ్గర
ఓ సన్నటి ధార పైకి లేచింది,
వీధి దీపం కింద, జానెడెత్తు.
స్పానరు తీశాను. ఆగాను.
కుక్కలకి మాత్రమే వినపడేట్టు
ఓ... అన్నాను.

తర్వాత బిగించాను.